వెండి బట్ట ఎన్ని ఉతుకుల వరకు?

సంపాదకులకు నమస్కారం.

సూక్ష్మజీవులను చంపే బట్టల గురించి మీ పత్రికలో వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. వెండి నానో కణాలు పట్టించిన బట్ట 99.9 శాతం బ్యాక్టీరియాను చంపుతుందని అందులో రాశారు. ఆ అంకెను నేను తప్పుపట్టడం లేదు. అలాంటి అంకెలను తేల్చే వస్త్ర పరీక్షాశాలలో చాలా ఏళ్లు పనిచేశాను కనుక అది ఎలా వస్తుందో నాకు తెలుసు. అది ఎలాంటి బట్టకు వచ్చింది, ఎన్ని గంటల తర్వాత వచ్చింది, ఆ బట్టను అప్పటికి ఎన్నిసార్లు ఉతికారు అన్న వివరాలు పక్కన లేకపోతే, ఆ ఒక్క అంకె చదివినవారికి అవగాహన కన్నా భ్రమనే ఎక్కువగా మిగులుస్తుంది. పిల్లల లోదుస్తుల నుంచి సాక్సుల దాకా, దిండు గలీబుల నుంచి మాస్కుల దాకా అన్నిటి మీదా ఆ అంకె కనిపిస్తున్న రోజుల్లో ఈ సంగతిని కొంచెం విపులంగా చెప్పడం అవసరమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వెండికి సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్న మాట నిజం. వైద్యానికి అది పాత చుట్టమే. లైప్‌జిగ్‌లో ప్రసూతి వైద్యుడిగా ఉన్న కార్ల్ క్రెడే, అప్పుడే పుట్టిన బిడ్డల కళ్లలో పలుచని సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే కాన్పులో అంటుకునే కంటి జబ్బును ఆపవచ్చునని 1881లో ప్రకటించారు. ఆ పద్ధతి అనేక దేశాల్లో దశాబ్దాల పాటు నడిచి, లెక్కలేనంత మంది పిల్లలకు చూపు నిలిపింది. 1968లో చార్లెస్ ఫాక్స్ కాలిన గాయాల కోసం సిల్వర్ సల్ఫాడయజిన్ లేపనాన్ని ప్రవేశపెట్టారు. కాబట్టి వెండి బట్టలన్నీ మోసమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను.

ఆ పని చేసేది మనకు కనిపించే మెరిసే లోహం కాదు. తేమ, ఆక్సిజన్ తగిలినప్పుడు వెండి ఉపరితలం నుంచి విద్యుదావేశం గల పరమాణువులు, అంటే వెండి అయాన్లు, కొద్దికొద్దిగా ఊడివస్తాయి. అవి బ్యాక్టీరియా పైపొరకు అంటుకుంటాయి, దాని ప్రొటీన్లలో గంధకం ఉన్న చోట్లను పట్టుకుంటాయి, శ్వాసకు పనికివచ్చే ఎంజైములను స్తంభింపజేస్తాయి. అంటే వెండి బట్ట పనిచేయాలంటే దానిలోని వెండి ఎంతో కొంత కరిగి బయటికి రాక తప్పదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది.

కణాలను నానో పరిమాణానికి తేవడం ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. నానోమీటరు అంటే మీటరులో 100 కోట్లవ వంతు. ఒక్కో భుజం ఒక సెంటీమీటరు ఉన్న వెండి ఘనాన్ని తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. అదే వెండిని 10 నానోమీటర్ల భుజం గల చిన్న ఘనాలుగా మార్చగలిగితే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు అవుతుంది. అయాన్లు ఊడివచ్చేది ఉపరితలం నుంచే కనుక, చిటికెడు వెండితో పెద్ద పని జరుగుతుంది. తయారీదారులను ఆకర్షించిన గుణం ఇదే. వెండి తొందరగా కరిగిపోవడానికి కారణం కూడా ఇదే.

పరీక్షాశాలలో దీన్ని కళ్లారా చూసినవారు ఎవరూ మరిచిపోలేరు. బీకరులోని సిల్వర్ నైట్రేట్ ద్రావణం మంచినీళ్లలా రంగు లేకుండా ఉంటుంది. దాన్ని మరిగించి సోడియం సిట్రేట్ కలిపి కాసేపు ఆగితే, మొదట అనుమానంగా, తర్వాత స్పష్టంగా, పసుపు రంగు తిరుగుతుంది. 400 నానోమీటర్ల దరిదాపుల్లో ఉండే ఊదా, నీలి కాంతిని ఆ కణాలు పీల్చుకోవడం వల్ల మన కంటికి పసుపు మిగులుతుంది. తెల్లని నూలు గుడ్డను అందులో ముంచి, రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, వేడి తగిలిస్తే గుడ్డకు కూడా ఆ లేత పసుపు పట్టుకుంటుంది. కణాలు ఒకదానికొకటి అంటుకుని పెద్దవైతే గుడ్డ గోధుమ రంగుకో బూడిద రంగుకో మారుతుంది. ఆ రంగు చూసే, చేయి తిరిగిన సాంకేతికుడు కణాలు సరిగా కుదిరాయో లేదో చెప్పగలడు.

తర్వాతి పరీక్షను ఇంకా దగ్గరగా చూపించాలి, ఎందుకంటే ప్రకటనల్లో వాడే ఫొటోలు చాలావరకు దీనివే. గాజు పళ్లెంలో గట్టిపడిన అగర్ (బ్యాక్టీరియాను పెంచడానికి వాడే జెల్లీలాంటి పదార్థం) మీద బ్యాక్టీరియాను 5 సన్నని గీతలుగా పక్కపక్కనే గీస్తాం. వాటికి అడ్డంగా 25 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గుడ్డముక్కను పరచి, గరిటెతో మెల్లగా అదిమి, 37 డిగ్రీల వెచ్చదనంలో రాత్రంతా ఉంచుతాం. తెల్లవారి మూత తీస్తే బ్యాక్టీరియా గీతలు పాలగీతల్లా చిక్కగా పెరిగి ఉంటాయి. గుడ్డను సమీపించే చోట మాత్రం హఠాత్తుగా ఆగిపోతాయి. గుడ్డ చుట్టూ ఏమీ మొలవని శుభ్రమైన అంచు ఒకటి ఏర్పడుతుంది. ఆ అంచు ఎంత వెడల్పుగా ఉంటే బట్ట అంత శక్తిమంతమైనదని అమ్మేవారు చెబుతారు, కొనేవారు నమ్ముతారు.

కానీ ఆ అంచు అసలు చెబుతున్నది వేరు. గుడ్డ తగలని చోట కూడా బ్యాక్టీరియా పెరగలేదంటే, వెండి గుడ్డను వదిలి అంత దూరం వెళ్లిందన్నమాట. ఒక్క రాత్రిలో, తడి అగర్ మీద కదలకుండా పడి ఉన్న గుడ్డ నుంచే అంత వెండి బయటికి వస్తే, డిటర్జెంటు నీళ్లలో అరగంట సేపు తిరిగి, పిండించుకుని, మళ్లీ మళ్లీ జాడింపులకు లోనయ్యే బట్టలో ఎంత మిగులుతుందో ఆలోచించాలి. వెడల్పాటి అంచు చాలాసార్లు బట్ట మన్నికకు ప్రతికూల సాక్ష్యమే అవుతుంది. దారం లోపల వెండిని గట్టిగా బిగించిన మంచి బట్టలకు ఈ పరీక్షలో అంచు దాదాపు రాదు, గుడ్డ తగిలిన మేరకే బ్యాక్టీరియా చస్తుంది. ఫొటో తీస్తే అది అంత అందంగా కనిపించదు కనుక ప్రకటనలోకి ఎక్కదు.

నా ఉద్యోగ జీవితంలో జరిగిన ఒక సంఘటన చెబుతాను. ఒక తయారీ సంస్థవారు బట్ట పంపి, పరీక్షించి ధ్రువపత్రం ఇమ్మన్నారు. కొత్త గుడ్డకు వెడల్పాటి అంచు వచ్చింది. వారు అడగకపోయినా, మిగిలిన ముక్కను మామూలు డిటర్జెంటుతో 10 సార్లు ఉతికి, ఆరబెట్టి, మళ్లీ అదే విధంగా పళ్లెంలో పెట్టాను. మర్నాడు చూస్తే గీతలు గుడ్డ అంచును తాకడమే కాదు, చిమటాతో గుడ్డ ఎత్తితే కింద కూడా అయిదుకు అయిదూ కనిపించాయి. ఆ గుడ్డకూ మామూలు గుడ్డకూ తేడా మిగల్లేదు. రెండు ఫలితాలూ రాసి పంపాను. వారు మొదటి పేజీ తీసుకుని, రెండోదాన్ని నివేదిక నుంచి తొలగించమని అడిగారు. నేను తొలగించలేదు, వారు మళ్లీ మా దగ్గరకు రాలేదు. ఆ బట్ట ఎందరి ఒంటి మీదకు చేరిందో, పది ఉతుకుల తర్వాత కూడా తమకు రక్షణ ఉందని ఎందరు నమ్ముతున్నారో అన్న దిగులు నన్ను ఇప్పటికీ వదలలేదు. అలాంటి బట్టకు వెండి బట్ట అన్న పేరు నేతిబీరకాయలో నేతి చందమే.

అంకెల విషయానికి వస్తే, 99.9 శాతం అన్నది మరో రకం పరీక్ష నుంచి వస్తుంది. కొలిచిన మోతాదు బ్యాక్టీరియాను గుడ్డలోకి ఇంకించి, 18 నుంచి 24 గంటలు వెచ్చగా, తడిగా ఉంచి, ఎన్ని బతికాయో లెక్కిస్తారు. ఐఎస్ఓ 20743 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే పద్ధతుల్లో ఇదొకటి. ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. ఆ ప్రమాణంలో బట్ట సత్తాను తేల్చేది మామూలు గుడ్డతో పోల్చి. అదే సమయంలో మామూలు గుడ్డ మీద బ్యాక్టీరియా కొన్ని వందల రెట్లు పెరిగి ఉండవచ్చు కనుక, పెరుగుదలను ఆపగలిగిన బట్టకు కూడా మంచి అంకె వస్తుంది. ఇక, ఈ పరీక్షలో గుడ్డ రోజంతా తడిగా ఉంటుంది. ఒంటి మీది బట్ట ఎక్కువసేపు పొడిగానే ఉంటుంది, పొడి బట్ట నుంచి అయాన్లు రావడం చాలా తక్కువ. చెమట పట్టినప్పుడు తడి ఉంటుంది కానీ, చెమటలోని ఉప్పు వెండి అయాన్లను పట్టుకుని సిల్వర్ క్లోరైడ్‌గా మారుస్తుంది, ప్రొటీన్లు మరికొంత పట్టేస్తాయి. పళ్లెంలో 24 గంటల్లో జరిగింది, బస్సు ఎక్కి దిగేలోగా మాస్కు మీద జరుగుతుందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ఉతుకుల మాట నా ఒక్కరి అనుభవం కాదు. 2008లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు బెన్, వెస్టర్‌హాఫ్ మార్కెట్‌లో దొరికే 6 రకాల సాక్సులను ఉత్త శుద్ధజలంలో పదేపదే జాడించి ఆ నీళ్లను పరీక్షించారు. కొన్ని రకాలు కొద్ది జాడింపుల్లోనే తమలోని వెండిని దాదాపు మొత్తం వదిలేశాయి, మరికొన్ని గట్టిగా పట్టి ఉంచుకున్నాయి. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని ఎంపా సంస్థ పరిశోధకులు 9 రకాల బట్టలను ఉతికి చూస్తే, ఒక్క ఉతుకులో పోయిన వెండి ఒక బట్టకు 1 శాతం లోపు, మరో బట్టకు 45 శాతం దాకా ఉంది. పోయిన వెండిలో ఎక్కువ భాగం కరిగిన అయాన్లుగా కాక పెద్ద ముక్కలుగా ఊడిపోయిందని, అందుకు కారణం ప్రధానంగా యంత్రంలో బట్ట తినే రాపిడి అని కూడా వారు తేల్చారు. ఆక్సిజన్ బ్లీచులు వెండి కరగడాన్ని బాగా వేగవంతం చేస్తాయన్నది వారి మరో పరిశీలన. ఒక బట్టకూ ఇంకో బట్టకూ ఇంత తేడా ఉన్నప్పుడు అన్నిటి మీదా ఒకే అంకె, ఒకే బొమ్మ అచ్చువేసి అమ్మడం న్యాయం కాదు.

తేడా రావడానికి కారణం తయారీలోనే ఉంది. సింథటిక్ దారాన్ని వడికే ముందే కరిగిన పాలిమర్‌లో వెండిని కలిపితే అది దారం లోపలే ఉండిపోయి, పై పొర దగ్గరిది మాత్రం మెల్లగా బయటికి వస్తుంది. తయారైన బట్టను ద్రావణంలో ముంచి, జిగురులాంటి బైండర్‌తో కణాలను పైన అతికిస్తే ఖర్చు తక్కువ, మొదటి పరీక్షలో ఫలితం ఎక్కువ, బైండర్ సరిగా కుదరకపోతే ఆయుష్షు మూన్నాళ్లు. కొనేవారికి ఈ రెండింటికీ తేడా కంటితో చూసి తెలిసే అవకాశం లేదు. లేబుల్ చెప్పాలి. చెప్పదు.

ఊడిపోయిన వెండి ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే భయపెట్టేవీ, ఊరట కలిగించేవీ రెండూ చెప్పాలి. మురుగునీటిలో గంధకపు సమ్మేళనాలు సమృద్ధిగా ఉంటాయి. వెండి వాటితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. అది నీటిలో కరిగేది అతి స్వల్పం కనుక దాని విషగుణం బాగా తగ్గిపోతుంది. శుద్ధి కేంద్రాల బురదలో నానో పరిమాణపు సిల్వర్ సల్ఫైడ్ స్ఫటికాలను పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి 2010లో ప్రకటించారు. అయితే ఈ ఊరట అంతా మురుగు శుద్ధి కేంద్రానికి చేరినప్పటి మాట. బట్టలు ఉతికిన నీళ్లు శుద్ధి లేకుండా నేరుగా కాలువలోకో చెరువులోకో పోయే చోట పరిస్థితి వేరు. మంచినీటి చేపలకు వెండి అయాన్లు లోహాలన్నిటిలోకీ అత్యంత విషపూరితమైన వాటిలో ఒకటి. అవి మొప్పల్లో సోడియం పీల్చుకునే వ్యవస్థను దెబ్బతీస్తాయి, చేప ఒంట్లోని లవణాలు పడిపోయి చనిపోతుంది. శుద్ధి కేంద్రంలో పట్టుబడిన వెండి కూడా మాయమైపోదు, బురదతో పాటు ఎరువుగా పొలాలకు చేరుతుంది. భూమి నుంచి తవ్వి, శుద్ధి చేసి, నానో కణాలుగా మార్చిన లోహం పది ఉతుకుల్లో తూములోకి పోవడం బూడిదలో పోసిన పన్నీరు కాక మరేమిటి?

ఒంటికి హాని గురించి అతిగా భయపడనవసరం లేదు. గాయం లేని చర్మం గుండా బట్టలోని వెండి లోపలికి వెళ్లేది చాలా స్వల్పం. చర్మం శాశ్వతంగా నీలిబూడిద రంగుకు మారే ఆర్జీరియా అనే స్థితి ప్రధానంగా వెండి ద్రావణాలను మందుగా తాగినవారిలో, ఏళ్ల తరబడి వెండి ధూళి పీల్చిన కార్మికుల్లో కనిపించింది. అయినా జర్మనీ ప్రభుత్వ ముప్పు మదింపు సంస్థ బీఎఫ్ఆర్, తగినంత సమాచారం సమకూరే వరకు రోజూ వాడే వస్తువుల్లో నానో వెండిని వాడవద్దని తయారీదారులకు సలహా ఇచ్చింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరొకటి. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా గురించి ఈ రోజు అందరూ మాట్లాడుతున్నారు. వెండికి లొంగని బ్యాక్టీరియా కూడా ఉందని అంతగా మాట్లాడరు. అమెరికాలో ఒక ఆసుపత్రిలోని కాలిన గాయాల విభాగంలో, సిల్వర్ నైట్రేట్‌తో చికిత్స చేస్తున్న రోగులకే, దానికి లొంగని సాల్మొనెల్లా సోకిన సంగతి 1975లో వైద్య పత్రికకెక్కింది. ఆ బ్యాక్టీరియా కొన్ని యాంటీబయాటిక్‌లకు కూడా లొంగలేదు. వెండిని కణం లోపలి నుంచి బయటికి తోడిపోసే జన్యువులు, యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద పక్కపక్కన ఉన్నాయని తర్వాతి పరిశోధనలో తేలింది. ప్లాస్మిడ్ అంటే ఒక బ్యాక్టీరియా మరొకదానికి అందించగల జన్యు చుట్ట. కాబట్టి చంపడానికి చాలని కొద్దిపాటి వెండి ఎప్పుడూ తగులుతూ ఉంటే, దాన్ని తట్టుకున్నవే మిగిలి, తమతో పాటు ఆ రెండో గుణాన్నీ నిలుపుకునే ప్రమాదం ఉంది. సగం వెండి పోయిన పాత సాక్సు సరిగ్గా అలాంటి చోటు. సాక్సుల వల్ల ఇప్పటికే ముప్పు ముంచుకొచ్చిందని నేను అనడం లేదు. ఒళ్లు కాలిన మనిషికి పనికివచ్చే ఆయుధాన్ని చెమట వాసన కోసం అరగదీయడం తెలివైన పనేనా అని అడుగుతున్నాను.

వాసన సంగతే తీసుకుంటే, చెమటకు దానంతట దానికి వాసన దాదాపు ఉండదు, చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు వస్తుంది. నూలు కన్నా పాలిస్టర్ మీద ఆ వాసన ఎక్కువగా నిలుస్తుంది. చెమట పట్టే పనికి నూలు బట్ట వేసుకుని, సకాలంలో ఉతికి, పూర్తిగా ఆరనిస్తే చాలామందికి వెండి అవసరమే రాదు. వెండి బట్టను తక్కువసార్లు ఉతికితే చాలు కనుక నీళ్లు, కరెంటు ఆదా అవుతాయని తయారీదారులు చెబుతారు. అది గౌరవించవలసిన వాదనే, కానీ కొన్నవారు నిజంగా తక్కువసార్లు ఉతికినప్పుడే నిలుస్తుంది. అలవాటు ప్రకారం రోజూ ఉతికేవారికి ఆదా ఏమీ మిగలదు, వెండి కూడా మిగలదు.

చట్టాల వైపు చూస్తే దారి లేకపోలేదని తెలుస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2013 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న బయోసైడ్ నిబంధనల ప్రకారం, సూక్ష్మజీవులను అరికడుతుందని చెప్పుకునే బట్ట మీద అందుకు వాడిన పదార్థం పేరు రాయాలి, అది నానో రూపంలో ఉంటే ఆ పేరు పక్కన నానో అని రాయాలి. అమెరికాలో సూక్ష్మజీవులను చంపుతుందని ప్రకటించుకునే వస్తువును పురుగుమందుల చట్టం కిందనే చూస్తారు. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2011లో వస్త్రాల కోసం ఒక నానో వెండి పదార్థానికి షరతులతో అనుమతి ఇస్తే, పర్యావరణ సంస్థ ఒకటి కోర్టుకెక్కింది, 2013లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ అనుమతిని తప్పుపట్టి వెనక్కి పంపింది. 2015లో మరో నానో వెండి ఉత్పత్తికి ఇచ్చిన అనుమతి కూడా 2017లో అదే కోర్టులో నిలవలేదు. అక్కడి నిబంధనల్లో ఒక తేడా మనమూ గుర్తుంచుకోదగ్గది. బట్టకు వాసన పట్టకుండా, బూజు పట్టకుండా కాపాడుతుందని చెప్పడం ఒకటి, తొడుక్కున్న మనిషిని రోగాల నుంచి కాపాడుతుందని చెప్పడం పూర్తిగా మరొకటి. రెండో మాటకు ఎంతో గట్టి రుజువు కావాలి. బట్ట మీద బ్యాక్టీరియా సంఖ్య తగ్గినంత మాత్రాన మనిషికి జబ్బు రావడం తగ్గిందని అర్థం కాదు. మీ కథనంలో ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో కలిసిపోయాయని బాధతో చెబుతున్నాను.

ఆసుపత్రిలో కాలిన గాయానికి చుట్టే వెండి కట్టు గురించి నాకు ఏ అభ్యంతరమూ లేదు. దాన్ని వైద్యుడి పర్యవేక్షణలో కొద్ది రోజులు వాడి తీసేస్తారు, ఎవరూ ఉతకరు, పోయేదేమిటో వచ్చేదేమిటో కొలిచి చూస్తారు. నా అభ్యంతరమంతా లెక్కాపత్రం లేకుండా రోజువారీ బట్టల్లోకి చొచ్చుకువస్తున్న వెండి గురించే. వెండి ఉందని చెప్పి అమ్మే ప్రతి బట్ట మీదా కిలో బట్టకు ఎన్ని మిల్లీగ్రాముల వెండి ఉందో, అది దారం లోపల ఉందో పైన అతికించారో, 20 ఉతుకుల తర్వాత చేసిన పరీక్షలో ఏ ఫలితం వచ్చిందో, ఏ బ్లీచు వాడకూడదో రాయాలని నియమం పెట్టడం కష్టమేమీ కాదు. ఈ కొలతలన్నీ ఏ మంచి వస్త్ర పరీక్షాశాలలోనైనా ఇప్పటికే చేయగలిగినవే, వాటికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. అలా రాయమంటే, దారం లోపల వెండిని నిలిపే శ్రద్ధగల తయారీదారులకు మేలే జరుగుతుంది. పైపూతతో గట్టెక్కుతున్నవారికే ఇబ్బంది.

మీ పత్రిక ఈ విషయంపై మళ్లీ రాసేటప్పుడు, అమ్మేవారు పంపిన పళ్లెం ఫొటోను అచ్చువేసే ముందు, అదే బట్టను 20 సార్లు ఉతికాక తీసిన పళ్లెం ఫొటో కూడా పంపమని అడగండి. పంపితే రెండూ పక్కపక్కన అచ్చువేయండి. పంపకపోతే, అడిగినా పంపలేదన్న మాట ఒక్క వాక్యంలోనైనా రాయండి.

ఇట్లు,
వస్త్ర పరీక్షాశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మీ పాఠకురాలు